సంతకంలో చుక్క

కుర్చీలో కొంచెం వెనక్కి వాలి, మోచెయ్యి కుర్చీ వీపు మీద ఆనించి, చేస్తున్న పని మధ్యలో ఆపి మనవైపు తిరిగి చూస్తోంది ఒకమ్మాయి. పెదవులు కాస్త విడివడి ఉన్నాయి. ఇప్పుడే ఏదో మాట అనేసిందో, అనబోతోందో! ఒక చేతిలో కుంచె. రెండో చేతిలో రంగుల పలక, తుడుచుకునే గుడ్డ, దాదాపు 18 కుంచెలు. పక్కన చట్రం మీద సగంలో ఉన్న బొమ్మ... ఫిడేలు వాయిస్తూ నవ్వుతున్న మనిషిది.

ఈ బొమ్మని మొదటిసారి ఒక పుస్తకంలో చూసినప్పుడు నాకు వింతగా తోచినవి ఆ అమ్మాయి బట్టలు. మెడ చుట్టూ పళ్ళెమంత తెల్లటి గంజి కాలరు, ముంజేతుల దగ్గర లేసు. నూనె రంగులతో పనిచేసేవాళ్ళు ఎవరైనా అలాంటి బట్టలు వేసుకుంటారా? పట్టుచీర కట్టుకుని ఆవకాయ కలిపినట్టు లేదూ! తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. అవి పని బట్టలు కావు. ఇదిగో, ఇది నా వృత్తి, ఇందులో నేను గట్టిదాన్ని అని ఊరందరికీ చెప్పుకోవడానికి వేసుకున్న బట్టలు. పెళ్ళిచూపుల ఫొటోలో ఉండే బెరుకు ఆ ముఖంలో మచ్చుకైనా లేదు. సొంత దుకాణం తెరిచిన మనిషి ధీమా ఉంది.

ఆమె పేరు జుడిత్ లేస్టర్. హాలెండ్ దేశపు చిత్రకారిణి. 1630 ప్రాంతంలో, ఇరవై ఒకటి ఇరవై రెండేళ్ళ వయసులో, తన బొమ్మ తనే వేసుకుంది. ఇప్పుడది అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీలో ఉంది. విచిత్రమేమిటంటే, ఈ బొమ్మ కూడా ఒకప్పుడు ఫ్రాన్స్ హాల్స్ అనే మరో చిత్రకారుడి పేరు మీద చెలామణీ అయింది. తన ముఖాన్ని తను గీసుకుంటే, అదీ వేరే మగవాడి ఖాతాలో జమ అయిందన్నమాట!

ఒక్క బొమ్మ కాదు, ఆమె జీవితకాలపు కష్టమంతా రెండు వందల ఏళ్ళకి పైగా పరుల పేరు మీదే ఉండిపోయింది. చివరికి దాన్ని తిరిగి తెచ్చిపెట్టింది బొమ్మల మూల ఆమె వేసిన చిన్న గుర్తు. ఆ కథే ఇది.

బట్టీ ఇచ్చిన ఇంటిపేరు

జుడిత్ పుట్టింది హార్లెమ్ పట్టణంలో. 1609 జూలై 28న చర్చిలో ఆమెకు నామకరణం జరిగింది. తల్లిదండ్రులకి ఎనిమిదో బిడ్డ. తండ్రి యాన్ విల్లెమ్స్ మొదట నేతపని చేసేవాడు. తర్వాత 1618లో బీరు కాచే బట్టీ ఒకటి కొన్నాడు. ఆ బట్టీ పేరు లేస్టర్. డచ్ భాషలో ఆ మాటకి అర్థం దారి చూపే నక్షత్రం అని. నావికులు రాత్రిపూట దిక్కు తెలుసుకోవడానికి చూసుకునే ధ్రువనక్షత్రం ఉంది కదా, అదే. బట్టీ పేరునే ఆ కుటుంబం ఇంటిపేరు చేసుకుంది.

పేరు నిలిచింది గానీ బట్టీ నిలవలేదు. జుడిత్‌కి పదిహేనేళ్ళు వచ్చేసరికి తండ్రి దివాళా తీశాడు. ఇంట్లో అంతమంది పిల్లలు, బయట అప్పులు. అలాంటి ఇంట్లో ఆడపిల్ల బొమ్మలు నేర్చుకోవడం సరదా కోసం కాదు, నాలుగు డబ్బులు సంపాదించే విద్య కోసమే అయివుంటుందని చాలామంది చరిత్రకారులు అనుకుంటారు. ఆ రోజుల్లో చిత్రలేఖనం నేర్చుకున్న ఆడపిల్లలు సాధారణంగా చిత్రకారుల కూతుళ్ళే. తండ్రి దగ్గరో అన్న దగ్గరో ఇంట్లోనే నేర్చుకునేవాళ్ళు. జుడిత్ ఇంట్లో ఆ వాతావరణం లేదు. అయినా నేర్చుకుంది. పందొమ్మిదేళ్ళకే, అంటే 1628లో, శామ్యూల్ ఆంప్‌సింగ్ అనే మతబోధకుడు హార్లెమ్ నగరం గొప్పతనం గురించి రాసిన పుస్తకంలో ఆమె పేరుని మెచ్చుకుంటూ రాశాడంటే చూడండి!

ఆ కాలపు హాలెండ్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. మిగతా యూరప్‌లో బొమ్మలు కొనేది రాజులూ చర్చిలూ. హాలెండ్‌లో రాజులు లేరు, అక్కడి ప్రొటెస్టెంట్ చర్చిలు గోడల మీద బొమ్మలు పెట్టడం మానేశాయి. కానీ వ్యాపారంతో ఊళ్ళకి డబ్బు వచ్చింది. నేతగాడు, రొట్టెలు కాల్చేవాడు, గుడ్డల వర్తకుడు... ఎవరి స్తోమతకి తగ్గట్టు వాళ్ళు ఇంట్లో తగిలించుకోవడానికి బొమ్మలు కొనేవారు. వాళ్ళకి కావలసింది దేవతలూ యుద్ధాలూ కాదు. నవ్వే మనుషులు, పాడే కుర్రాళ్ళు, పిల్లితో ఆడుకునే పిల్లలు. జుడిత్ చెయ్యి సరిగ్గా అలాంటి బొమ్మల్లోనే తిరిగింది. 1629 నాటి ఆమె చిత్రాల్లో దీపపు వెలుగులో తంతివాద్యం మీటుతున్న గాయకుడు ఒకడు, ఖాళీ కూజా చూపించి నవ్వుతున్న తాగుబోతు ఒకడు ఉన్నారు. గబగబా వేసినట్టు కనిపించే ఆ కుంచె విసుర్లలో మనుషులు అప్పుడే కదిలి ఆగినట్టు ఉంటారు.

సంఘంలో చోటు

హార్లెమ్‌లో చిత్రకారుడిగా బతకాలంటే సెయింట్ ల్యూక్ పేరిట ఉన్న సంఘంలో సభ్యత్వం ఉండాలి. అది వట్టి క్లబ్బు కాదు. సొంత చిత్రశాల నడపాలన్నా, శిష్యులని పెట్టుకుని రుసుము తీసుకోవాలన్నా, సొంత పేరుతో బొమ్మలు అమ్ముకోవాలన్నా సంఘం ఒప్పుకోవాలి. 1633లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, జుడిత్ అందులో ఆచార్య హోదాతో సభ్యురాలైంది.

ఆమెకంటే రెండేళ్ళ ముందు 1631లో సారా వాన్ బాల్‌బెర్గెన్ అనే ఆవిడ కూడా ఆ సంఘంలో చేరింది. ఆమె వేసిన చిత్రమని చూపించడానికి ఇవాళ ఒక్కటీ లేదు. పుస్తకంలో పేరు మిగిలింది, పని మిగల్లేదు. జుడిత్ విషయంలో మాత్రం పని మిగిలింది, పేరు పోయింది. రెండిట్లో ఏది ఎక్కువ అన్యాయమో మీరే చెప్పండి.

తన బొమ్మల మూల జుడిత్ ఒక గుర్తు వేసేది. జె, ఎల్ అక్షరాలు రెండూ ఒకదానిలో ఒకటి అల్లుకుని, వాటి పక్కన ఒక చుక్క. ఆకాశంలో చుక్క! తండ్రి పోగొట్టుకున్న బట్టీ పేరుని కూతురు తన సంతకంలో నిలబెట్టుకుంది.

శిష్యుడి తగాదా

1635 నాటికి ఆమె దగ్గర ముగ్గురు మగపిల్లలు శిష్యులుగా ఉన్నారు. వాళ్ళలో ఒకడు కొద్దిరోజులకే ఆమె దగ్గర మానేసి ఫ్రాన్స్ హాల్స్ చిత్రశాలలో చేరిపోయాడు. హాల్స్ అంటే సామాన్యుడు కాదు. ఆ ఊళ్ళోనే కాదు, దేశంలోనే పేరున్న చిత్రకారుడు. జుడిత్ కంటే పాతికేళ్ళకి పైగా పెద్ద. ఆమె చిత్రరీతి మీద ఆయన ప్రభావం కూడా ఉంది. మన చోట అయితే ఏమంటాం? పోనీలే అమ్మా, పెద్దాయనతో మనకెందుకు అంటాం.

జుడిత్ ఊరుకోలేదు. సంఘానికి ఫిర్యాదు చేసింది. శిష్యుడి రుసుము తనకి రావాలంది. పంచాయితీ జరిగింది. కుర్రాడి తల్లి ఆమెకి నాలుగు గిల్డర్లు ఇచ్చుకుంది. అది జుడిత్ అడిగినదాంట్లో సగం. హాల్స్ కుర్రాణ్ణి తిప్పి పంపకుండా మూడు గిల్డర్ల జరిమానా కట్టి సరిపెట్టుకున్నాడు. ఆ శిష్యుడి పేరు సంఘంలో నమోదు చేయించనందుకు జుడిత్‌కి కూడా జరిమానా పడింది.

లెక్క చూస్తే ఆమెకి పెద్దగా ఒరిగిందేమీ లేదు. కానీ నాకు ఈ చిన్న తగాదా చాలా ఇష్టం. ఒక పాతికేళ్ళ పెళ్ళికాని అమ్మాయి, ఊళ్ళోకెల్లా పెద్ద చిత్రకారుడి మీద, తన హక్కు కోసం నిలబడింది. పైగా మన దగ్గర ఉన్న ఆధారాల్లో ఆమె వ్యాపారం ఎలా నడిపిందో చూపించే గట్టి ఆధారం ఇదే. దెబ్బలాడకపోతే ఆ మాత్రం కూడా రికార్డులకి ఎక్కేది కాదు!

తల ఎత్తని మనిషి

ఆమె చిత్రాల్లో ఒకదాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1631లో వేసింది. హేగ్ నగరంలో మారిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. పెద్దదేం కాదు, రమారమి 31 సెంటీమీటర్ల ఎత్తు, 24 సెంటీమీటర్ల వెడల్పు. మన స్కూలు నోటుపుస్తకం కంటే కాస్త పెద్దది.

రాత్రివేళ. చమురుదీపం పక్కన కూచుని ఒకామె తెల్లబట్ట మీద కుట్టుపని చేసుకుంటోంది. కాళ్ళ కింద చలికి వెచ్చదనం ఇచ్చే నిప్పుల పెట్టె. వెనకనుంచి బొచ్చుటోపీ పెట్టుకున్న మగవాడు ఆమె భుజం మీద చెయ్యి వేసి ముందుకి వంగాడు. రెండో అరచేతిలో నాణేలు. అతను ఏం అడుగుతున్నాడో చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో ఇలాంటి విషయంతో బొమ్మలు చాలానే వచ్చాయి. వాటిల్లో ఆడవాళ్ళు తళుకుబెళుకుల బట్టల్లో ఉంటారు, నవ్వుతూ ఉంటారు, డబ్బు అందుకుంటూ ఉంటారు. చూసేవాళ్ళకి అదొక సరదా. జుడిత్ బొమ్మలో సరదా లేదు. ఆమె మెడదాకా కప్పుకున్న ఇంటి బట్టల్లో ఉంది. లేచి అరవలేదు, అటు చూడనూ లేదు. సూదిలో దారం మీదే దృష్టి. వాడు పోయేదాకా తల ఎత్తకూడదని పళ్ళ బిగువున కూచున్న మనిషి ఆమె. బస్సులో పక్కసీటువాడు మీదికి జరుగుతుంటే కిటికీలోంచి బయటికే చూస్తూ కూచున్న ఆడవాళ్ళందరికీ ఆ కూర్చునే తీరు తెలుసు.

చాలాకాలం ఈ బొమ్మలో ఉన్న తేడాని ఎవరూ పట్టించుకోలేదు. 1970లలో ఫ్రిమా ఫాక్స్ హాఫ్రిక్టర్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఇది ఆ పాత సరదా బొమ్మల కోవలోది కాదనీ, ఆడమనిషి పక్షాన నిలబడి చూసిన చిత్రమనీ వాదించింది. ఆ తర్వాతే లోకం దీన్ని మరోసారి నిదానించి చూసింది.

పెళ్ళి తర్వాత

1636 జూన్ 1న జుడిత్‌కి పెళ్ళయింది. వరుడు యాన్ మీన్సే మోలెనార్. అతనూ చిత్రకారుడే, ఆమె వేసే తరహా బొమ్మలే అతనూ వేసేవాడు. బొమ్మల గిరాకీ ఎక్కువని ఇద్దరూ ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళారు. ఐదుగురు పిల్లలు పుట్టారు. పెద్దయ్యేదాకా బతికింది ఇద్దరే. 1648లో హార్లెమ్ పక్కనే ఉన్న హీమ్‌స్టెడ్‌కి మకాం మార్చారు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. జుడిత్ సంవత్సరం వేసి గుర్తు పెట్టిన చిత్రాల్లో చాలా భాగం 1629 నుంచి 1635 మధ్యవే. పెళ్ళితో ఆ వరస ఇంచుమించు ఆగిపోతుంది. 1643లో ఒక పూల పుస్తకం కోసం నీటిరంగులతో ట్యూలిప్‌లు వేసింది. అప్పటికి ఆరేళ్ళ క్రితమే ట్యూలిప్ గడ్డల వ్యాపారం కుప్పకూలి హాలెండ్‌లో గగ్గోలు పుట్టించింది. గడ్డల ధరలు పడిపోయినా పూల మీద మోజు పోలేదు. 1654 నాటి పూలకుండీ చిత్రం ఒకటుంది. నడివయసులో తన బొమ్మ తనే మళ్ళీ వేసుకున్నదీ ఒకటుంది. అది 2016లో లండన్‌లో వేలానికి వచ్చేదాకా బయటి ప్రపంచానికి దాని ఊసే లేదు. అందులోనూ చేతిలో కుంచె ఉంది, రంగుల పలక ఉంది. అంటే ఆమె మనసులో తను చిత్రకారిణిగానే ఉంది.

భర్త ఆపేశాడని నేను అనను. అలా అనడానికి ఆధారమూ లేదు. ఇల్లు, పురుళ్ళు, పోయిన బిడ్డలు, అప్పుల తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగే మొగుడు... ఎవరూ వద్దనకుండానే పని వెనక్కి పోయే దారులు ఎన్ని ఉంటాయో మనకి వేరే చెప్పాలా? భార్యాభర్తలిద్దరూ ఒకే రకం పని చేసే ఇంట్లో బయటికి కనిపించే పేరు ఒక్కటే అవుతుంది. ఆ పేరు ఎవరిదో కూడా చెప్పక్కర్లేదు.

1648లో, ఆమె బతికుండగానే, హార్లెమ్ చరిత్ర రాసిన స్క్రెవేలియస్ అనే పండితుడు ఆమె ఇంటిపేరు మీద చమత్కరిస్తూ కళలో నిజంగానే దారి చూపే నక్షత్రమని పొగిడాడు. పన్నెండేళ్ళ తర్వాత, 1660 ఫిబ్రవరి 10న, ఆమెని ఖననం చేశారు. వయసు యాభై.

ఫలానా వారి భార్య

మోలెనార్ 1668లో పోయాడు. ఇంట్లో సామాన్ల జాబితా రాశారు. అందులో బొమ్మలూ ఉన్నాయి. కొన్నింటి పక్కన చనిపోయిన వ్యక్తి భార్య వేసినవి అని రాసుకున్నారు. సంఘంలో ఆచార్య హోదా ఉన్న మనిషి, శిష్యుడి కోసం హాల్స్‌ని నిలదీసిన మనిషి, ఆ కాగితంలో ఫలానా వారి భార్యగా మారింది.

అక్కణ్ణించి జారుడే. బొమ్మలు చేతులు మారాయి. అమ్మేవాళ్ళకి పెద్ద పేరు ఉంటే పెద్ద ధర వస్తుంది. చూడబోతే హాల్స్ పద్ధతి లాగే ఉంది. హాల్స్ అనేస్తే పోలా? కొన్ని భర్త ఖాతాలోకీ వెళ్ళాయి. పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి ఆమె పేరుతో ఒక్క మ్యూజియంలోనూ ఒక్క చిత్రం లేదు. బొమ్మలు గోడల మీద నవ్వుతూనే ఉన్నాయి, వేసిన మనిషి లేదు.

1892లో లండన్‌లో ఒక చిత్రవ్యాపారి మరో వ్యాపార సంస్థకి ఒక బొమ్మ అమ్మాడు. తాగుతూ, ఫిడేలు వాయిస్తూ కులాసాగా ఉన్న ఆడా మగా జంట బొమ్మ అది. 1630లో వేసింది. హాల్స్ ఉత్తమ చిత్రాల్లో ఒకటని చెప్పి 4,500 పౌండ్లకి అంటగట్టాడు. తీరా చూస్తే దాని మీద ఉన్న గుర్తు హాల్స్‌ది కాదు. జె, ఎల్ అక్షరాలు, పక్కన చుక్క. కొన్నవాళ్ళు మోసపోయామని కోర్టుకెక్కారు. 1893లో ధర తగ్గించి రాజీ చేసుకున్నారు.

ఆ గొడవంతా డబ్బు గురించే. ఇంత గొప్ప బొమ్మ వేసిన మనిషి మరొకరు ఉన్నారే అని సంబరపడ్డ వాళ్ళు ఆ కోర్టులో కనిపించరు. బొమ్మ అదే, రంగులు అవే, నవ్వులు అవే. పేరు మారేసరికి ధర పడిపోయింది.

సంబరపడ్డవాడు వేరే ఉన్నాడు. కార్నెలిస్ హోఫ్‌స్టెడె డి గ్రూట్ అనే డచ్ పండితుడు. అదే 1893లో ఆయన ఆ గుర్తు ఎవరిదో విప్పి చెప్పాడు. చుక్క అంటే లేస్టర్ అన్నాడు. మొత్తం ఏడు చిత్రాలు ఆమెవని తేల్చాడు. వాటిల్లో ఆరింటి మీద ఆ చుక్క గుర్తు ఉంది! ఆ జాబితా తర్వాత తర్వాత పెరుగుతూ వచ్చింది. ఏ బొమ్మ గురించి కోర్టుకెక్కారో అది ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో, జుడిత్ లేస్టర్ పేరుతోనే ఉంది.

1993లో ఆమె పుట్టిన హార్లెమ్‌లోనూ, తర్వాత అమెరికాలోనూ ఆమె చిత్రాలతో పెద్ద ప్రదర్శన జరిగింది. 2009లో, నాలుగు వందల ఏళ్ళ సందర్భంగా, మరోటి. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియం 1885లో ఈ భవనంలో తెరుచుకుంది. అందులో దేశపు అత్యుత్తమ చిత్రాలు పెట్టే గౌరవశాలలో తొలిసారి స్త్రీలు వేసిన బొమ్మలు వేలాడింది ఎప్పుడనుకున్నారు? 2021 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు. ఆ మూడు బొమ్మల్లో ఒకటి జుడిత్‌ది. దీపపు వెలుగులో పాడుతున్న ఆ గాయకుడు.

గిన్నె మీద పేరు

ఇదంతా చదివాక నాకు మా ఇంట్లో గిన్నెలు గుర్తొచ్చాయి. మన ఇళ్ళల్లో స్టీలు గిన్నెల మీద, ఇత్తడి బిందెల మీద పేర్లు చెక్కించడం అలవాటు కదా. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పదిళ్ళ గిన్నెలు కలిసిపోతాయి. పని అయ్యాక తిరగేసి పేరు చూసి ఎవరివి వాళ్ళకి పంపుతారు. పేరు లేని గిన్నె ఎవరింట్లో ఉంటే వాళ్ళదే. అది తోమి తోమి మెరిపించినది ఎవరైనా సరే. మా గిన్నెల మీద ఉన్నవి తాతగారి పేరు, నాన్నగారి పేరు. వాటిల్లో వండి వార్చిన మా నాయనమ్మ పేరు ఒక్కదాని మీదా లేదు.

పేరు రాసుకోవడం గొప్పలకి పోవడమని మనకి చిన్నప్పట్నించీ నూరిపోశారు. అందుకే అల్లిన దుప్పటి మీద, రాసిన పాటల నోటుబుక్కు మీద, భర్త దుకాణంలో మనం రాసిన లెక్కల పుస్తకం మీద మన పేరు ఉండదు. జుడిత్ కథ చూశాక నాకు అది గొప్పలకి సంబంధించిన సంగతిగా కనిపించడం లేదు. దారి తప్పిన వస్తువు ఇల్లు చేరడానికి పేరు కావాలి. ఆమె బొమ్మలు రెండు వందల ముప్ఫై మూడేళ్ళు పరాయి పేర్ల కింద తలదాచుకుని కూడా చివరికి ఇల్లు చేరాయి. పొగిడిన పండితులు పోయారు, సంఘం పోయింది, జాబితా రాసినవాళ్ళకి ఆమె పేరే గుర్తు రాలేదు. మూలనున్న చుక్క ఒక్కటే ఆగి ఉంది.

ఈసారి మీరు ఏదైనా కుట్టినా, గీసినా, రాసినా ఒక మూల మీ గుర్తు పెట్టండి. మొన్న నేను మా వంటల నోటుబుక్కు మొదటి పేజీ తీసి, మా అమ్మని పిలిచి కలం చేతికిచ్చాను. ఆ వంటలన్నీ ఆవిడవే, రాత మాత్రం నాది. కాసేపు సిగ్గుపడి, తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, తన పూర్తి పేరు రాసింది.